నేల లేని గ్రహాలు: గురుడు, శని భూమికి ఎందుకంత భిన్నం?

క్లుప్తంగా: భూమి, కుజుడు లాంటి రాతి గ్రహాలకు కాలు మోపడానికి గట్టి నేల ఉంది. గురుడికి, శనికి అది లేదు. సౌరమండలం పుట్టిన కొత్తలో వాయువు అందుబాటులో ఉన్న కొద్దికాలంలోనే ఏ గ్రహం దాన్ని పట్టుకోగలిగింది, ఏది పట్టుకోలేకపోయింది అన్నదే ఈ తేడాకు మూలం. తుఫాన్లు ఎన్నాళ్లు బతుకుతాయి, లోపలి వేడి ఎంత, రోజు ఎంతసేపు అన్నవి చాలావరకు దీన్నిబట్టే ఉంటాయి. ఇతర నక్షత్రాల చుట్టూ వేల గ్రహాలు బయటపడ్డాక రెండు రకాల మధ్య సరిహద్దు మునుపటంత స్పష్టంగా లేదు.

బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ ప్లానెటోరియంలో షోలు కన్నడ, ఇంగ్లిష్ భాషల్లో నడుస్తాయి. మారతహళ్లి, కేఆర్ పురం, వైట్‌ఫీల్డ్ వైపు నుంచి పిల్లల్ని తీసుకొచ్చే తెలుగు కుటుంబాల్లో, అక్కడ చూసినదాన్ని ఇంటికొచ్చాక తెలుగులో విడమరిచి చెప్పే పని పెద్దల మీద పడుతుంది. చిక్కు అక్కడే మొదలవుతుంది. సైన్స్ పుస్తకంలో బుధుడు, శుక్రుడు, భూమి, కుజుడు ఒక వరుసలో, గురుడు, శని, యురేనస్, నెప్ట్యూన్ ఇంకో వరుసలో ఉంటాయి. పిల్లల ప్రశ్నలకు ఆ పట్టిక సరిపోదు. గురుడంతా గాలే అయితే రాకెట్ ఇటు దూరి అటు బయటికి రావచ్చు కదా? అంత గాలి అంతరిక్షంలోకి చెదిరిపోకుండా ఎలా నిలిచింది? హైడ్రోజన్‌కి మంట అంటుకుంటుంది కదా, అక్కడ అగ్గిపుల్ల గీస్తే?

చివరి ప్రశ్నకు జవాబు చిన్నది. హైడ్రోజన్ మండాలంటే విడిగా ఆక్సిజన్ కూడా ఉండాలి. గురుగ్రహంలోని ఆక్సిజన్ చాలావరకు ఎప్పుడో హైడ్రోజన్‌తో కలిసి నీరైపోయింది. అగ్గిపుల్లే వెలగదు. మొదటి రెండు ప్రశ్నలకు జవాబు కావాలంటే మాత్రం గ్రహాల పుట్టుక దాకా వెళ్లాలి.

ముందు పెరిగినవాటికే వాయువు దక్కింది

సుమారు 456 కోట్ల ఏళ్ల కిందట, అప్పుడే పుట్టిన సూర్యుడి చుట్టూ వాయువు, ధూళి కలిసిన పెద్ద పళ్లెం తిరుగుతుండేది. అందులో దాదాపు అంతా హైడ్రోజన్, హీలియమే. రాయి, లోహం, మంచుగా మారగల పదార్థం నూటికి ఒకటి రెండు వంతులు మాత్రమే. సూర్యుడికి దగ్గర్లో వేడి ఎక్కువ కాబట్టి అక్కడ రాయి, లోహాలే గట్టిపడ్డాయి. ఇప్పటి భూమి దూరానికి సుమారు మూడు రెట్ల అవతల నీరు కూడా మంచుగా గడ్డకట్టింది. శాస్త్రవేత్తలు దాన్ని మంచు రేఖ అంటారు. ఆ రేఖ అవతల గ్రహం కట్టుకోవడానికి ముడిసరుకు ఎక్కువ, అందుకే అక్కడి ముద్దలు త్వరగా పెరిగాయి.

ఎక్కువమంది శాస్త్రవేత్తలు అంగీకరించే లెక్క ప్రకారం, అలాంటి ముద్ద బరువు భూమికి పది రెట్ల దగ్గరికి చేరాక దాని ఆకర్షణ చుట్టూ ఉన్న హైడ్రోజన్‌ని గట్టిగా లాగడం మొదలుపెడుతుంది. వాయువు చేరేకొద్దీ బరువు పెరుగుతుంది, బరువు పెరిగేకొద్దీ ఇంకా వాయువు వచ్చి చేరుతుంది. గురుడు అలా భూమికి 318 రెట్ల ద్రవ్యరాశి పోగేసుకున్నాడు. శని 95 రెట్ల దగ్గర ఆగాడు.

దీనికి గడువు ఉంది. సూర్యుడి చుట్టూ ఉన్న ఆ వాయువు కొన్ని పదుల లక్షల ఏళ్లలోనే చెదిరిపోయింది. భూమి పూర్తి రూపానికి రావడానికి కొన్ని కోట్ల ఏళ్లు పట్టింది. భూమి తగినంత పెరిగేసరికి పోగేసుకోవడానికి చుట్టూ వాయువు మిగల్లేదు. ఇప్పుడు మనం పీల్చే గాలి ఆ పాత వాయువు కాదు. భూమి లోపలి నుంచి అగ్నిపర్వతాల ద్వారా వచ్చినది, బయటి నుంచి వచ్చి ఢీకొన్న శకలాలు తెచ్చినది, తర్వాత జీవులు మార్చినది. రెండు రకాల గ్రహాల కథలో కీలకం ఇదేనని చెప్పాలి. రాయి, వాయువు అని పదార్థాల జాబితా బట్టీపట్టేకన్నా ఎవరు ఎప్పుడు పెరిగారో చూస్తే మిగతావన్నీ సులువుగా అర్థమవుతాయి.

పట్టుకున్నదాన్ని నిలుపుకోవడం ఇంకో ఎత్తు. భూమిని వదిలి పోవాలంటే సెకనుకు 11.2 కిలోమీటర్ల వేగం కావాలి, గురుణ్ని వదలాలంటే సుమారు 60. అన్నిటికన్నా తేలికైన హైడ్రోజన్ అణువులకు భూమి పై పొరల్లోంచి తప్పించుకునే వీలు ఉంటుంది. చల్లగా, బరువుగా ఉన్న గురుడి దగ్గర అది కుదరదు. గాలి చెదిరిపోకపోవడానికి కారణం ఇది.

గురుడి దూరం మన పంచాంగంలో కూడా కనిపిస్తుంది. ఆయన సూర్యుణ్ని ఒకసారి చుట్టడానికి 11.86 ఏళ్లు పడుతుంది, అంటే రాశికి సుమారు ఒక ఏడాది. 2017లో కావేరికి, 2020లో తుంగభద్రకు పుష్కరాలు వచ్చింది ఈ లెక్కతోనే. శనికి సుమారు 29 ఏళ్ల 6 నెలలు పడుతుంది. మూడు రాశులకు ఏడున్నరేళ్లు, అదే ఏలినాటి శని. నడక ఇంత నెమ్మదిగా ఉండడానికీ, ఒళ్లు ఇంత పెరగడానికీ మూలం ఒక్కటే: సూర్యుడికి అంత దూరంగా, మంచు గడ్డకట్టే చోట పుట్టడం.

గంటసేపు సాగిన దిగుడు

నేల లేకపోవడం అంటే ఏమిటో అన్నిటికన్నా బాగా చూపించింది 1995 డిసెంబరు 7న గురుగ్రహంలోకి దిగిన చిన్న పరికరం. గెలీలియో అనే అమెరికన్ వ్యోమనౌక ఆ ఏడాది జులైలోనే దాన్ని విడిచిపెట్టింది. బరువు సుమారు 340 కిలోలు. సెకనుకు 47 కిలోమీటర్ల వేగంతో వాతావరణాన్ని తాకింది. ముందుభాగంలోని ఉష్ణ కవచం సగానికి పైగా మండి ఆవిరైంది. వేగం తగ్గాక పారాషూట్ విచ్చుకుంది, కవచం ఊడిపడింది, పరికరాలు పనిచేయడం మొదలుపెట్టాయి.

దిగేకొద్దీ పీడనం పెరిగింది, వేడి పెరిగింది, గాలి వేగం కూడా పెరిగి గంటకు 600 కిలోమీటర్లు దాటింది. లోపలికి పోయేకొద్దీ గాలి తగ్గుతుందనుకున్నవాళ్లకు ఇది ఎదురుదెబ్బ. అనుకున్నంత నీటి ఆవిరి కనిపించలేదు. పరికరం పడింది మేఘాలు పలచగా ఉన్న పొడి ప్రదేశంలో అని తర్వాత తేలింది. సుమారు 58 నిమిషాల తర్వాత సంకేతాలు ఆగిపోయాయి. అప్పటికి పీడనం భూమి మీద ఉన్నదానికి 22 రెట్లు, వేడి 150 డిగ్రీల సెల్సియస్ పైమాటే. అది దేనికీ గుద్దుకుని ఆగలేదు, వేడికీ ఒత్తిడికీ లోపలి భాగాలు పనిచేయడం మానేశాయి. దిగింది సుమారు 150 కిలోమీటర్లు. గురుడి వ్యాసార్థం 71,000 కిలోమీటర్లకు పైనే, అంటే వెయ్యిలో రెండు వంతుల లోతు దగ్గరే కథ ముగిసింది.

దీన్ని శుక్రగ్రహంతో పోల్చి చూడాలి. అక్కడి ఉపరితలం మీద వేడి సుమారు 460 డిగ్రీలు, పీడనం మనకన్నా 90 రెట్లు. గెలీలియో పరికరం ఆగిపోయిన చోటుకన్నా అది చాలా దారుణం. అయినా సోవియట్ నౌక వెనెరా 13 1982 మార్చిలో అక్కడ రాళ్ల మీద దిగి, 127 నిమిషాలు పనిచేసి, రంగుల ఫొటోలు పంపింది. దిగడానికి చోటుంది కాబట్టి దానికి తగ్గట్టు నౌకను కట్టారు. గురుడి దగ్గర ఎంత గట్టి నౌక కట్టినా ఆనుకోవడానికి ఏమీ దొరకదు.

లోపలికి పోతే

అయితే అడుగున ఏముంది? గుంటూరు గోదాముల్లో పత్తి బస్తాలు ఒకదాని మీద ఒకటి పేర్చినప్పుడు పైవి పొంగి ఉంటాయి, అడుగువి పైబరువుకు అణిగి గట్టిపడతాయి. గురుడి లోపల హైడ్రోజన్ పరిస్థితీ అంతే. పైన వాయువులా ఉన్నదే కిందికి పోయేకొద్దీ చిక్కబడి ద్రవంలా మారుతుంది. మన సముద్రానికి ఉన్నట్టు ఇక్కడిదాకా గాలి, ఇక్కడినుంచి ద్రవం అని గీసే మట్టం మాత్రం ఎక్కడా ఉండదు. అంత పీడనం, వేడిలో హైడ్రోజన్‌కి వాయువు, ద్రవం అన్న తేడా చెరిగిపోతుంది.

ఇంకా లోపల, పీడనం భూమి మీద ఉన్నదానికి పది లక్షల రెట్లు దాటాక, హైడ్రోజన్ అణువులు విడిపోయి ఎలక్ట్రాన్లు స్వేచ్ఛగా తిరుగుతాయి. అప్పుడది ద్రవ లోహంలా కరెంటును పారనిస్తుంది. గురుడి బలమైన అయస్కాంత క్షేత్రం పుట్టేది ఇక్కడే. భూమికి ఆ పని చేసేది కరిగిన ఇనుము.

మధ్యలో గట్టి రాతి గుండు ఉందని చాలాకాలం పుస్తకాల్లో బొమ్మలు వేశారు. 2016 జులైలో గురుడి కక్ష్యలోకి చేరిన జూనో నౌక ఆకర్షణను సూక్ష్మంగా కొలిచాక ఆ బొమ్మ మారింది. రాయి, మంచు పదార్థాలు నడిమధ్యలో ముద్దగా లేవు, హైడ్రోజన్‌లో కలిసిపోయి దాదాపు సగం వ్యాసార్థం దాకా పరుచుకుని ఉన్నాయని ఆ లెక్కలు చెబుతున్నాయి. నాలుగు పొరల ఉల్లిపాయలా గురుణ్ని గీసే పాత బొమ్మను పాఠ్యపుస్తకాలు ఇకనైనా మార్చడం మంచిది. కేంద్రం దగ్గర వేడి 20,000 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుందని అంచనా. రాకెట్ ఇటు దూరి అటు రావడం ఎందుకు కుదరదో ఈ అంకెలే చెబుతాయి. అది కేంద్రానికి చేరకముందే కరిగి, ఆవిరై, గురుడిలో కలిసిపోతుంది.

బరువు, సైజు లెక్కల్లో కూడా తేడా తెలుస్తుంది. ఒక ఘన సెంటీమీటర్ సగటున భూమి అయితే 5.5 గ్రాములు, గురుడు 1.33, శని 0.69. శని సాంద్రత నీటికన్నా తక్కువ. గురుడికి ఇంకా కొన్ని రెట్లు ద్రవ్యరాశి చేర్చినా వ్యాసం పెద్దగా పెరగదు, అడుగుభాగం ఇంకా అణిగిపోతుంది. అందుకే గురుడికి ఎన్నో రెట్ల బరువున్న గ్రహాలు కూడా దాదాపు గురుడంత సైజులోనే కనిపిస్తాయి.

తీరం దాటని తుఫాను

2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. 2023 డిసెంబరులో మిచాంగ్ చెన్నైని వరదలో ముంచి బాపట్ల దగ్గర తీరం దాటింది. ఎంత విధ్వంసం చేసినా, నేల మీదికి వచ్చాక రెండూ త్వరగానే బలహీనపడ్డాయి. వెచ్చని సముద్రం నుంచి తేమ అందడం ఆగిపోతుంది, నేల రాపిడి గాలిని అడ్డుకుంటుంది. తూర్పు తీరం దాటిన తుఫాన్లు బెంగళూరు దాకా వచ్చేసరికి చాలాసార్లు ముసురుగా మిగిలేది ఇందుకే.

గురుడి మీద దాటడానికి తీరం లేదు. అక్కడి పెద్ద ఎర్రమచ్చ కనీసం 1831 నుంచి కనిపిస్తూనే ఉంది. మన తుఫాను అల్పపీడనం అయితే అది అధికపీడనపు సుడి, కాబట్టి రెండూ ఒకటే అనుకోకూడదు. ఇరువైపులా ఎదురెదురుగా వీచే గాలి పట్టీల మధ్య ఆ సుడి ఇరుక్కుని తిరుగుతుంది, చిన్న సుడులను మింగుతూ బలం తెచ్చుకుంటుంది. శాశ్వతమేమీ కాదు. 19వ శతాబ్దం చివర్లో సుమారు 40,000 కిలోమీటర్ల పొడవుండేది, ఇప్పుడు 16,000 దగ్గరికి తగ్గింది. అయినా భూమి కన్నా పెద్దదే.

ఆ గాలులు ఎంత లోతుకు పోతాయన్న ప్రశ్నకు జూనో ఇచ్చిన జవాబు సుమారు 3,000 కిలోమీటర్లు. ఆ లోతులో హైడ్రోజన్ కరెంటును పారనివ్వడం మొదలుపెడుతుంది, అప్పుడు అయస్కాంత క్షేత్రం దాని కదలికను పట్టి ఆపుతుంది. భూమి మీద కొండలు, నేల గాలికి వేసే బ్రేకును గురుడి లోపల అయస్కాంత క్షేత్రం వేస్తోందన్నమాట. జూనో తెచ్చిన ఫలితాల్లో బహుశా అన్నిటికన్నా విలువైనది ఇదే.

గట్టి నేల లేనిచోట రోజు ఎంతసేపో చెప్పడం కూడా తేలిక కాదు. గురుడి భూమధ్యరేఖ దగ్గరి మేఘాలు సుమారు 9 గంటల 50 నిమిషాల్లో ఒక చుట్టు తిరిగితే మిగతావి 9 గంటల 55 నిమిషాలు తీసుకుంటాయి. శని విషయంలో ఇంకా కష్టమైంది. చివరికి వలయాల్లో శని లోపలి కంపనాల వల్ల పుట్టే అలలను చూసి 10 గంటల 33 నిమిషాల 38 సెకన్లని 2019లో లెక్క తేల్చారు. ఇంత వేగంగా తిరగడం వల్ల ఒళ్లు నడుము దగ్గర ఉబ్బుతుంది. భూమి నడుము వ్యాసం ధ్రువాల మధ్య దూరం కన్నా 43 కిలోమీటర్లు ఎక్కువ, గురుడికి ఆ తేడా 9,000 కిలోమీటర్లు దాటుతుంది.

ఇంకో తేడా జ్ఞాపకం. మహారాష్ట్రలోని లోనార్ దగ్గర ఉల్క పడి ఎన్నో వేల ఏళ్లయినా 1.8 కిలోమీటర్ల గుంత అలాగే ఉంది. 1994 జులైలో షూమేకర్-లెవీ తోకచుక్క ముక్కలు గురుణ్ని ఢీకొన్నప్పుడు భూమంత నల్లటి మచ్చలు పడ్డాయి. కొన్ని నెలల్లో గాలులు వాటిని తుడిచేశాయి. రాతి గ్రహాల చరిత్ర నేల మీద చదువుకోవచ్చు. వాయు గ్రహాల చరిత్ర కావాలంటే వాటి ఆకర్షణ, రసాయనాలు, చందమామలు చూడాల్సిందే.

ఇంకా చల్లారని వేడి

భూమికి అందే శక్తిలో దాదాపు అంతా సూర్యుడిదే. లోపలి నుంచి వచ్చే వేడి సూర్యుడి నుంచి గ్రహించేదానిలో పదివేలకు నాలుగు వంతులు కూడా ఉండదు. గురుడు మాత్రం సూర్యుడి నుంచి తీసుకున్నదానికి దాదాపు రెట్టింపు వేడిని బయటికి పంపుతున్నాడు. పుట్టినప్పుడు కుదించుకుపోయి పుట్టిన వేడి ఇంకా కారుతూనే ఉంది. శని లోపల హీలియం చుక్కలుగా వేరుపడి కిందికి జారుతూ అదనంగా వేడి పుట్టిస్తోందని భావిస్తున్నారు. సూర్యకాంతి అంత పలచగా పడే చోట కూడా వాతావరణం అంత ఉధృతంగా ఉండడానికి ఈ లోపలి వేడి ఒక ముఖ్య కారణం.

యురేనస్, నెప్ట్యూన్ వేరే కోవ

ఈ రెంటినీ గురుడి వరుసలోనే పెట్టడం పాత అలవాటు. వీటి ద్రవ్యరాశి భూమికి సుమారు 14.5, 17 రెట్లు మాత్రమే. హైడ్రోజన్, హీలియం పై పొరగా ఉంటాయి. మిగతాది చాలావరకు నీరు, అమ్మోనియా, మీథేన్ లాంటివి వేడిగా, ఒత్తిడిలో ద్రవంలా ఉన్న మిశ్రమమని అంచనా. పోగేసుకోవడం ఆలస్యంగా మొదలై, మధ్యలోనే వాయువు అయిపోయిన గ్రహాలుగా వీటిని చూడవచ్చు. దగ్గరికి వెళ్లి చూసింది వాయేజర్ 2 ఒక్కటే, 1986లో, 1989లో.

యురేనస్ కథలో దక్షిణాదికి చోటుంది. బెంగళూరు కోరమంగళలోని భారతీయ ఖగోళ భౌతిక సంస్థకు తమిళనాడు జవ్వాది కొండల్లో, బెంగళూరు నుంచి సుమారు 175 కిలోమీటర్ల దూరంలో, కావలూరు దగ్గర వేధశాల ఉంది. 1977 మార్చి 10న యురేనస్ ఒక నక్షత్రం ముందు నుంచి వెళ్తున్నప్పుడు దాని వలయాలు బయటపడ్డాయి. నక్షత్రపు వెలుగు ఉన్నట్టుండి తగ్గి మళ్లీ పెరగడం కావలూరు ఒక మీటరు టెలిస్కోప్‌లో కూడా నమోదైంది. ఆ వేధశాలను తీర్చిదిద్దిన వేణు బప్పు చదువుకున్నది హైదరాబాద్ నిజాం కాలేజీలో, తండ్రి పనిచేసింది నిజామియా వేధశాలలో. వలయాలు నాలుగు పెద్ద గ్రహాలకూ ఉన్నాయి, రాతి గ్రహాల్లో ఒక్కదానికీ లేవు. చందమామల విషయంలో కూడా అంతే: నాలుగు రాతి గ్రహాలకు కలిపి మూడే, ఒక్క శనికే 2025 మార్చి నాటికి 274.

అంతరిక్ష యాత్రల మీద ప్రభావం

2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగినప్పుడు బెంగళూరు పీణ్యలోని కంట్రోల్ కేంద్రంలో ఉన్నవాళ్లకు దిగాల్సిన చోటు ముందే తెలుసు. ఇస్రో ఇప్పటిదాకా వెళ్లిన చంద్రుడు, కుజుడు, వెళ్లబోతున్న శుక్రుడు అన్నీ నేల ఉన్నవే. గురుడి దాకా పోవాలంటే దూరంతో పాటు కరెంటు కూడా సమస్య. అక్కడ సూర్యకాంతి మన దగ్గర ఉన్నదానిలో 27వ వంతే. జూనోకి సుమారు తొమ్మిది మీటర్ల పొడవైన మూడు సోలార్ రెక్కలు ఉన్నా గురుడి దగ్గర పుట్టే కరెంటు సుమారు 500 వాట్లు. ఇప్పుడు దారిలో ఉన్న యూరప్ వారి జ్యూస్, అమెరికా యూరోపా క్లిప్పర్ నౌకలు కూడా ప్రధానంగా గురుడి చందమామల కోసం వెళ్తున్నాయి. అడుగున ఉప్పునీటి సముద్రాలు దాచుకున్న ఆ చందమామలకు పైన గట్టి మంచు నేల ఉంది.

పట్టికలో ఇమడని గ్రహాలు

1995లో మిషెల్ మేయర్, డిడియే కెలోజ్ సూర్యుడి లాంటి నక్షత్రం చుట్టూ మొదటి గ్రహాన్ని కనిపెట్టారు. దానికే 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ గ్రహం గురుడి కోవకు చెందినది, కానీ నక్షత్రాన్ని నాలుగు రోజుల్లో చుట్టేస్తోంది. మంచు రేఖకు ఎంతో లోపల అలాంటిది పుట్టడం కష్టం. అవతల పుట్టి లోపలికి జరిగి ఉండవచ్చన్నది బలమైన వివరణ. 2019లో భారత్ పేర్లు పెట్టిన బిభా అనే నక్షత్రం, దాని గ్రహం సంతమస కూడా ఇదే రకం. కనీసం ఒకటిన్నర గురుగ్రహాల ద్రవ్యరాశి ఉన్న సంతమస రెండు రోజుల్లో ఒక చుట్టు పూర్తి చేస్తుంది.

ఇప్పటికి ఇలాంటి పరాయి గ్రహాలు 6,000 దాటాయి. నక్షత్రానికి దగ్గరగా తిరిగేవాటిలో ఎక్కువ భాగం భూమికీ నెప్ట్యూన్‌కీ మధ్య సైజువే. మన సౌరమండలంలో ఆ సైజు ఒక్కటీ లేదు. భూమి వ్యాసానికి ఒకటిన్నర నుంచి రెండు రెట్ల మధ్య మాత్రం గ్రహాలు తక్కువగా దొరుకుతున్నాయని 2017లో గమనించారు. దానికన్నా చిన్నవి పట్టుకున్న వాయువును పోగొట్టుకుని రాయిగా మిగిలాయని, పెద్దవి నిలుపుకున్నాయని ఎక్కువమంది వివరణ. భూమి, గురుల మధ్య జరిగిన కథే అక్కడ వేరే కొలతల్లో జరుగుతోంది.

అహ్మదాబాద్‌లోని భౌతిక పరిశోధనా ప్రయోగశాల 2018లో ప్రకటించిన కె2-236బి గ్రహం ఇందుకు మంచి ఉదాహరణ. వ్యాసం భూమికి 6 రెట్లు, అంటే ఘనపరిమాణం 216 రెట్లు. ద్రవ్యరాశి 27 రెట్లే. భాగిస్తే సాంద్రత భూమిలో ఎనిమిదో వంతు, దాదాపు శని అంత. కాబట్టి శని లాంటిదే అనుకుంటే పొరపాటు. దాని ద్రవ్యరాశిలో 60 నుంచి 70 శాతం మంచు, రాయి, ఇనుము లాంటి బరువైన పదార్థమని పరిశోధకుల లెక్క. 19.5 రోజుల చిన్న కక్ష్యలో, 600 డిగ్రీల వేడిలో, మిగిలిన కొద్ది వాయువూ ఉబ్బి గ్రహాన్ని పెద్దదిగా చూపిస్తోంది. బరువు, సైజు కొలతలు ఇక్కడితో ఆగుతాయి. నక్షత్రపు వెలుగు గ్రహపు గాలిలోంచి వచ్చేటప్పుడు పడే గుర్తులను చదవడం తర్వాతి మెట్టు. జేమ్స్ వెబ్ టెలిస్కోప్ 2022లో వాస్ప్-39బి అనే గ్రహం గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ను అలాగే పట్టుకుంది. కె2-236బి లాంటి వాటిలో నీటి ఆవిరి, కార్బన్ ఏ పాళ్లలో ఉన్నాయో తెలిస్తే, అవి మంచు రేఖ అవతల పుట్టి లోపలికి జరిగాయా, ఉన్నచోటే పెరిగాయా అన్నది తేల్చే వీలుంటుంది.